క్యూలో పేరెత్తకూడదు

టికెట్ కొని మరీ భయపడ్డానికి వెళ్ళే దయ్యాల కొంప ముందు క్యూలో నిలబడ్డవాళ్ళు ఒకరి పేరు ఒకరు పిలుచుకోకూడదన్న సంగతి ఆ ఊళ్ళో బడిపిల్లలకి కూడా తెలుసు. క్యూ పక్కన ముసుగేసుకున్నవాడొకడు తచ్చాడుతూ ఉంటాడు. వాడి పని భయపెట్టడం కాదు, చెవులు రిక్కించి వినడం. ఎవరి పేరైనా వాడి చెవిన పడిందా, నిమిషంలో లోపల మొదటి గదికి చేరిపోతుంది. మొదటి గదిలోవాడు తన పని కాగానే చెక్కగోడ మీద రెండు దెబ్బలు కొట్టి పేరు రెండో గదికి అందిస్తాడు, రెండో గదివాడు మూడో గదికి. ఇక మీరు ఏ మూల నక్కినా మీ పేరు మీకంటే ముందే అక్కడ కూర్చుని ఉంటుంది. అందుకని బుద్ధున్నవాళ్ళెవరైనా ఒక దొంగపేరు తగిలించుకునే వెళ్తారు.

ఆ శనివారం సాయంత్రం రోవీనాకి తగిలించిన దొంగపేరు మేబెల్. తగిలించింది ట్రూడీ.

"మేబెల్ మా అత్తగారి ఆవు పేరు. చచ్చినా మర్చిపోను," అంది ట్రూడీ. కార్లో వస్తున్నంతసేపూ "మేబెల్, కాస్త అద్దం దించు, మేబెల్, నీ ఒళ్ళో ఆ సంచి ఏంటి" అంటూ సాధన కూడా చేసింది.

రోవీనా, ట్రూడీ, ఎస్తా ముగ్గురూ ఊరి బడి వంటశాలలో పనిచేస్తారు. పొద్దున్నే జుట్టుకి వలలు కట్టుకుని పిల్లలకి పళ్ళేల్లో వడ్డించడం మొదలుపెడితే మధ్యాహ్నానికి ఒకరి సంగతులు ఒకరికి తెలియనివి మిగలవు. రోవీనా సంగతి మిగతా ఇద్దరికీ మరీ బాగా తెలుసు. మరిగే సూప్ గంగాళాన్ని వట్టి గుడ్డలతో పట్టుకుని దించేసే మనిషి, దయ్యాల కొంప పోస్టరు కనబడితే మొహం తిప్పుకుంటుంది. చిన్నప్పుడు జిల్లా సంతలో అన్నలిద్దరూ ఆమెని అలాంటి చీకటి కొంపలోకి తీసుకెళ్ళి, సరదాకి లోపలే వదిలేసి వచ్చేశారు. గొడ్డలి పట్టుకున్న ముసుగువాడు ఆమెని మూలకి తరిమాడు. బయటికొచ్చేసరికి గౌను తడిసిపోయి ఉంది, బయట సగం బడి నిలబడి ఉంది. ఆ తరవాత వాళ్ళు ఆమెని ఏమని పిలిచేవారో ఆమె ఇప్పటికీ నోటితో అనదు.

అంత భయమున్న మనిషి కడుపున కెండ్రా పుట్టింది. ఆ పిల్లకి ఊహ తెలిసినప్పటి నుంచీ దయ్యాలంటేనే ప్రాణం.

ఊళ్ళో ఫైరింజన్ నడిపేవాళ్ళంతా జీతం లేకుండా పనిచేసే ఊరివాళ్ళే. ఏటా అక్టోబరులో, మూతపడ్డ టమాటా డబ్బాల ఫ్యాక్టరీలో వాళ్ళే ఈ కొంప నడిపి, వచ్చిన డబ్బుతో గొట్టాలూ బూట్లూ కొనుక్కుంటారు. రెండేళ్ళ కిందట కెండ్రాకి అక్కడ మొదటిసారి వేషం దొరికింది. పెద్ద వేషమేం కాదు, శవపేటికలోంచి దిగ్గున లేచి కూర్చోవాలి. ఆ పిల్ల లోపల అందరితోనూ "ఇవాళ మా అమ్మ వస్తోంది" అని చెప్పుకుంది. రోవీనా టికెట్ కొంది, క్యూలో నిలబడింది. గోడవతల మోటారు రంపం మోగగానే ఆమె కాళ్ళు తమంతట తామే వెనక్కి తిరిగాయి. వెళ్ళి కార్లో కూర్చుని, అద్దాలెత్తుకుని, కొంప మూసేదాకా అలాగే ఉండిపోయింది. లోపల కెండ్రా అడుగుల చప్పుడైనప్పుడల్లా అమ్మే అనుకుని లేచి కూర్చుంటూనే ఉంది. తోటి దయ్యాలు దాన్ని పట్టుకుని ఏడిపించాయి.

మర్నాడు పొద్దున ఫలహారం దగ్గర కెండ్రా తలెత్తకుండానే అంది. "పాలు ఇలా ఇవ్వు, రోవీనా."

అంతే. అరుపుల్లేవు, తలుపులు విసరడాల్లేవు. ఆ రోజు నుంచీ కెండ్రా నోట అమ్మ అన్న మాట పోయింది. గిన్నెలు కడుగుతుంది, బట్టలు మడతపెడుతుంది, "రోవీనా, నా మేజోళ్ళు చూశావా" అంటుంది. పిల్లలు తల్లిని పేరు పెట్టి పిలవడం ఆ దేశంలోనూ మర్యాద కాదు. పాల ట్యాంకరు నడిపే మొగుడు గ్లెన్ "ఆ వయసు అలాంటిదిలే, అదే పోతుంది" అన్నాడు. పోలేదు. తిట్టినా బాగుండునని రోవీనా ఎన్నిసార్లు అనుకుందో. తన పేరే తనకి చేదయిపోయింది.

ఇప్పుడు ఆ ఫ్యాక్టరీని ఎవరో కొనుక్కున్నారు. కొత్త సంవత్సరం వచ్చాక పడగొట్టేస్తారు. కొంపకి ఇదే ఆఖరి రోజు. కెండ్రాకి ఈ ఏడు ఆఖరి గది ఇచ్చారు, అంటే అందరికంటే గొప్ప దయ్యానికి ఇచ్చే గది. తల్లి వస్తున్నట్టు దానికి తెలీదు. మళ్ళీ చెప్పి మళ్ళీ రాలేకపోతే ఇక ఆ మొహం చూడలేనని రోవీనా చెప్పలేదు.

చీకటి పడుతోంది. క్యూ కదులుతోంది. గోడవతల రంపం మోగింది.

రోవీనా ఒక అడుగు వెనక్కి వేసింది, మరొకటి వేసింది.

"నావల్ల కాదే. మీరు వెళ్ళిరండి. నేను కార్లో కూర్చుంటా."

"కార్లో కూర్చోడానికేనా పొద్దున్నించీ నా బుర్ర తిన్నావ్?" ఎస్తా ఆమె స్వెట్టరు పట్టుకుంది. ఎస్తా సన్నగా, పొడుగ్గా, ఏదీ నమ్మని మనిషి. "నడుము పట్టుకుని నీ వెనకే ఉంటానన్నానా లేదా?"

"ఊపిరాడట్లేదే. నిజంగా."

ట్రూడీ ముందుకొచ్చి ఆమె రెండు భుజాలూ పట్టుకుంది. ట్రూడీ మనిషి కుదిమట్టం, గొంతు మాత్రం చర్చి గంట.

"ఇటు చూడు. నా మొహంలోకి చూడు. పోయినేడు పొయ్యి మీద నూనె అంటుకుంటే హెడ్‌మాస్టరు బల్ల ఎక్కాడు, నేను తలుపు దగ్గరికి పరిగెత్తా. మూత తీసుకెళ్ళి బోర్లించింది ఎవరు? నువ్వు! అట్టముక్కలూ రంగునీళ్ళూ చూసి భయపడతావా? నీవల్ల కాకపోతే ఇంకెవరి వల్లవుతుందే? పద, రోవీనా!"

అన్నాక గానీ ఏమందో ట్రూడీకి తెలీలేదు. రెండు చేతులతో నోరు మూసుకుంది.

"నీ నోరు పడ!" అంది ఎస్తా.

క్యూ పక్కన తచ్చాడుతున్న ముసుగువాడు ఆగాడు. మెల్లగా తల తిప్పి రోవీనాని కిందనుంచి పైదాకా చూశాడు. గుండె మీద చెయ్యేసుకుని, పెళ్ళిపెద్దలా వంగి దణ్ణం పెట్టాడు. చిన్న పక్కతలుపు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

భయం ఒకటే అయితే రోవీనా ఎలాగో ఓర్చుకునేది. ఆ చుట్టుపక్కల ఎంత వెతికినా రోవీనా అన్న పేరు ఇంకొకరికి లేదు. ఆ పేరు గోడల్లోంచి గది తరవాత గదికి పాకి ఆఖరి గది దాకా వెళ్తుంది. తను వచ్చినట్టు కెండ్రాకి తెలిసిపోతుంది. ఇప్పుడు వెనక్కి తిరిగితే, తిరిగినట్టూ తెలుస్తుంది.

"చంపావు కదే," అంది. అని, ముందుకి నడిచింది. ఇంకేం చేస్తుంది?

మొదటిది బాయిలరు గది. కళ్ళు పొడుచుకున్నా ఏమీ కనిపించని చీకటి. ఎక్కడో ఆవిరి బుస్సుమంటోంది. ముందు ట్రూడీ, మధ్యలో రోవీనా, వెనక స్వెట్టరు పట్టుకుని ఎస్తా. "ఏం లేదు, ఏం లేదు, ఇది వట్టి గొట్టం," అంటూ ట్రూడీ దారి తీస్తోంది. రోవీనా ఎడమ చెవి పక్కనే ఎవరో ముద్దుగా పిలిచారు.

"రోవీ... నా..."

ఆమె పెట్టిన కేకకి ఎస్తా కూడా కేకేసింది. చీకట్లో ఇనుపగొలుసు ఈడ్చుకుంటూ ఏదో వాళ్ళ వెంటపడింది. గదవతల పడేసరికి వెనక చెక్కగోడ మీద రెండు దెబ్బలు వినబడ్డాయి. టక్, టక్.

రెండోది పందుల్ని కోసే గది. ఆ ఊళ్ళో శీతాకాలం వస్తే ప్రతి దొడ్లోనూ పందిని కోస్తారు కాబట్టి ఆ వాసనా, ఆ కొక్కేలూ ఎవరికీ కొత్తకాదు. వేలాడుతున్న వాటిలో ఒకటి పంది కాకపోవడమే కొత్త. అది కళ్ళు తెరిచి కొక్కెం మీంచి దిగింది. రబ్బరు ఆప్రాను కట్టుకుని, రంపం చేతపట్టుకుని, ఎంతో మర్యాదగా అడిగింది.

"రోవీనా, నీకు ఏది కొయ్యమంటావ్? కాలేయమా, గుండెకాయా?"

రంపం రయ్యిమంది. పళ్ళగొలుసు తీసేసిన రంపమని అందరికీ తెలుసు, కానీ ఆ చప్పుడుకి తెలియదు కదా. రోవీనా కళ్ళు మూసుకుని ఎస్తా చెయ్యి వెతుక్కుంటుంటే ముందునుంచి ఒక ఆర్తనాదం వచ్చింది. అది ట్రూడీది.

"చాలు! చాలు బాబోయ్! తలుపెక్కడ? నన్ను బయటికి పంపండర్రా!" ట్రూడీ రెండు చేతులూ గుండెల మీద అడ్డంగా పెట్టేసుకుంది. ఇక చాలని చెప్పడానికి అక్కడ అదే గుర్తు. రంపంవాడు వెంటనే రంపం ఆపి, "ఇటు రండమ్మా, మెట్టుంది చూసుకోండి," అని చెయ్యి చూపించాడు.

"మీరు కానివ్వండే! నేను బయట వేడి ఆపిల్ రసం పట్టుకుని ఉంటా!" అని చర్చి గంట దూరమైపోయింది.

"ధైర్యం చెప్పడానికొచ్చిన మొహం," అంది ఎస్తా. "నడు. నేనున్నా."

టక్, టక్. వెనక గోడ పేరు అందించింది.

మూడోది గది కాదు, సందు. రెండు వైపులా నల్లగుడ్డ సంచుల్లోకి గాలి కొట్టి ఉబ్బించారు. మధ్యలో మనిషి పట్టేంత చోటు కూడా లేదు, ఒళ్ళంతా ఒత్తుకుంటూ తోసుకుంటూ పోవాలి. ఇందులో ఎవరూ అరవరు, ఎవరూ దూకరు. నాలుగడుగులు వెళ్ళేసరికి రోవీనాకి ముందు దారి లేదు, వెనక దారి లేదు. మొహానికి గుడ్డ అతుక్కుంది. సంతలోని మూల, గొడ్డలి, అన్నల నవ్వులు అన్నీ ఒక్కసారి మీదికొచ్చాయి. ఎంత లాగినా ఊపిరి లోపలికి దిగలేదు. అక్కడే కూలబడిపోయింది.

"లేవే. రోవీనా, లే," చీకట్లో ఎస్తా గొంతు. "నా వీపు మీద ఎవరో ఊపిరి వదులుతున్నారు, నువ్వు కదిలితే గానీ నేను కదల్లేను."

ఎస్తా వంగి చంకల కింద చేతులేసి లేపింది. వెనకనుంచి మోకాలితో తోస్తూ, పిండిబస్తాని దొర్లించినట్టు దొర్లించి, ఆమెని సందు చివరికి తెచ్చింది.

అక్కడ ఎర్రబల్బు వెలుగుతోంది. బల్బు కింద మడత కుర్చీలో హార్లన్ కూర్చుని ఉన్నాడు. వేషమేమీ లేదు, ఒళ్ళో ఫ్లాస్కు ఉంది. ఆదివారం చర్చిలో వాళ్ళ ముందు బల్లలో కూర్చునే పెద్దాయనే. ఏ గదిలోనైనా ఇక తట్టుకోలేనివాళ్ళని బయటికి పంపి, పిరికివాళ్ళ గుర్తుగా చొక్కాకి పసుపు కాగితపు కోడిపిల్లని గుచ్చడం ఆయన పని.

"ఏంటమ్మా రోవీనా, ఇక చాలా?" అన్నాడు. ఎగతాళి లేదు ఆ గొంతులో. "ఇక్కడిదాకా వచ్చావు, అదే ఎక్కువ. సిగ్గుపడక్కర్లేదు."

ఆమె కోడిపిల్లని అందుకుంది. హార్లన్ తలుపు తెరిచాడు. చల్లగాలి మొహాన కొట్టింది. నూనెలో వేగే రొట్టెల వాసన, ఎక్కడో పిల్లల నవ్వు. ఎదురుగా, దీపస్తంభం కింద, ఆమె కారు ఉంది. రెండేళ్ళ కిందట ఆపిన చోటే ఆపిందని అప్పుడు గమనించింది.

ఒక కాలు గడప దాటింది.

వెనక చెక్కగోడ మీద రెండు దెబ్బలు పడ్డాయి. సందు వెనక కాపలా ఉన్న కుర్రాడి గొంతు, గోడ చీలికలోంచి అవతలికి గుసగుసలాడింది.

"రోవీనా బయటికి పోతోంది. నీకు ఇంకొకావిడే వస్తుంది."

గోడవతలనుంచి ఒక ఆడపిల్ల గొంతు వచ్చింది.

"నాకు తెలుసు."

కోపం లేదు. ఏడుపూ లేదు. ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే బస్సు ఇవాళా ఆలస్యమని చెబితే ఎలా అంటారో అలా అంది.

సంతలో గౌను తడిసిన రోజు కూడా రోవీనా ఇంత సిగ్గు పడలేదు. ఆ రెండు మాటలూ అనడానికి ఆ పిల్ల రెండేళ్ళుగా ఎంత అలవాటు పడిపోయిందో!

గడప దాటిన కాలు వెనక్కి తీసుకుంది. కాగితపు కోడిపిల్లని హార్లన్ ఒళ్ళో పెట్టేసింది.

"తలుపేసెయ్ హార్లన్. చలేస్తోంది."

ఎస్తా నోరెళ్ళబెట్టింది. "ఓసి నీ! నువ్వు పోతే ఆ వంకన నేనూ పోదామని చూస్తున్నానే!"

హార్లన్ ఆమెని ఒక్క క్షణం చూశాడు. తలుపు మూశాడు. ఆయన గోడ ముట్టుకోవాల్సిన పని లేదు, అయినా కుర్చీలోంచి లేచి తన మోటు వేళ్ళతో చెక్క మీద రెండు దెబ్బలు కొట్టాడు.

"ఇందాకటిది తప్పు కబురు," అన్నాడు. "రోవీనా వస్తోంది."



ఆఖరి గదిలోకి ఒక్కొక్కరే వెళ్ళాలి. తలుపు దగ్గర ఎస్తా స్వెట్టరు వదిలేసింది. వదిలే ముందు ఒకసారి గట్టిగా లాగి, "నీ వెనకే," అంది.

తలుపు మూసుకుంది.

మధ్యలో ఒకప్పుడు టమాటాలు ఉడికించిన పెద్ద ఇనుప కాగు. దాన్లోంచి పొగ, కింద ఎక్కడో పచ్చటి దీపం. ఇంకేమీ లేదు, ఏమీ జరగడం లేదు. ఆ జరగకపోవడమే రోవీనాకి ప్రాణం మీదికొచ్చింది. ఈ గది తీరు ఊరందరికీ తెలుసు. కాగులో పడి ఉడికిపోయిన పనిపిల్ల లేచి వస్తుంది, చెవి దగ్గరికి వంగి పేరు పెట్టి పిలుస్తుంది. రంపాలూ గొలుసులూ సరే. ఆ నోట తన పేరు ఎలా ఉంటుందో మాత్రం ఆమెకి బాగా తెలుసు. రెండేళ్ళుగా రోజూ ఫలహారం బల్ల దగ్గర వింటున్నదే. ఇప్పుడు చీకట్లో మళ్ళీ వినాలి. గోడకి ఆనుకుని నిలబడింది.

కాగు అంచు మీదికి ఒక చెయ్యి వచ్చింది.

మరిగే నీళ్ళలో ముంచి తీసిన టమాటా తొక్కలా ఆ చెయ్యి మీది చర్మం ఊడి వేలాడుతోంది. రోవీనాకి గుర్తొచ్చింది. రబ్బరు పాలు, పల్చటి కాగితాలు, నానేసిన ఓట్స్, వంటింటి బల్ల నిండా. "తిండి తినే చోట ఈ తోళ్ళేంటి?" అని విసుక్కుంటూ గుడ్డతో తుడిచిపారేసింది తనే. ఏం చేస్తున్నావని ఒక్కసారి అడగలేదు. ఆ తోళ్ళే ఇవి. తెలిస్తే భయం పోతుందని ఎవరన్నారో గానీ వాళ్ళెప్పుడూ ఈ గదిలోకి వచ్చి ఉండరు.

రెండో చెయ్యి వచ్చింది. తడిజుట్టు వచ్చింది. కనురెప్పల్లేని మొహం వచ్చింది. అది కాగు మీంచి తలకిందులుగా జారి నేల మీద పడింది. ఎముకలు విరిగినట్టు వంగి, నాలుగు కాళ్ళ మీద, మనిషి కదలకూడని వేగంతో ఆమె మీదికి వచ్చింది.

రోవీనా అరిచింది. గొంతు చీరుకుపోయేలా అరిచింది. గోడ వెంబడి కిందికి జారిపోయింది. రెండు చేతులూ గుండెల మీద అడ్డం పెట్టుకోవడానికి లేచాయి. లేచిన చేతుల్ని బలవంతాన కిందికి దించి, గౌను కుచ్చిళ్ళని పిడికిళ్ళతో బిగించి పట్టుకుంది.

అది ఆగింది. అక్కడ దయ్యాలు ఎవరినీ ముట్టుకోకూడదు కనక ముట్టుకోలేదు. మొహం మీద మొహం పెట్టి, పక్కకి తిరిగి, చెవి దగ్గరికి వంగింది. రబ్బరు వాసన. దాని అడుగున దాల్చినచెక్క బబుల్‌గమ్ వాసన.

అను, అనుకుంది రోవీనా కళ్ళు గట్టిగా మూసుకుని. అనేసెయ్. వింటాను.

ఊపిరి తగులుతోంది. లోపలికి పీల్చుకున్నది బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. గుటక మింగిన చప్పుడు వినబడింది.

"అమ్మా."

రోవీనా కళ్ళు తెరవలేదు. తెరిస్తే పోతుందేమోనని భయమేసింది.

"లే అమ్మా," అంది ఆ గొంతు ఇంకా చిన్నగా. "ఎడమ పక్కన తలుపుంది. గడప ఎత్తు, మోకాలు చూసుకో."

వెనకనుంచి టక్, టక్ మని చెక్క మోగింది. ఎస్తా వస్తోంది. పక్కనున్న ఆ రూపం ఒళ్ళు విరుచుకుని లేచి, ఏ దయ్యం ఏ తల్లి మీదా అరిచి ఉండనంత ఘోరంగా అరిచింది. రోవీనా పడుతూ లేస్తూ ఎడమ పక్క తలుపు తోసుకుని బయట పడింది.

బయట ట్రూడీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉంది. చొక్కా మీద పసుపు కోడిపిల్ల మెరుస్తోంది. "వచ్చావే! మహాతల్లీ, వచ్చావే!" అని కావలించుకునేసరికి సగం ఆపిల్ రసం ఇద్దరి మీదా ఒలికింది. కాసేపటికి ఎస్తా కూడా తలుపులోంచి ఊడిపడింది. ఏదీ నమ్మని ఎస్తా గడ్డిలో చతికిలబడి, రొమ్ము పట్టుకుని రొప్పింది.

"అది నీ కూతురు కాదే, పిశాచం! నా పేరు క్యూలో ఎవరూ ఎత్తలేదు గనక బతికిపోయా. నీ పేరు ఎలాగూ తెలుసుగా, ఎలా పిలిచిందే? చెవిలోనేనా?"

రోవీనా గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని ఒక గుక్క తాగింది.

"లేదు," అంది. "పేరు పెట్టి పిలవలేదు."

"అదేంటి? అన్ని గదులవాళ్ళూ పిలిచారుగా!" అంది ట్రూడీ.

లోపల కాగు గదిలో కెండ్రా మళ్ళీ అరిచింది. ఇంకెవరో కెవ్వుమన్నారు. క్యూ ఇంకా వీధి మలుపు దాకా ఉంది.

"మూసేసరికి చాలాసేపు పడుతుంది," అంది ట్రూడీ భుజాలు ముడుచుకుని. "మంచు పడుతోందే. అంతదాకా కార్లో కూర్చుందాం పదండి."

"మీరు కూర్చోండి," అంది రోవీనా. స్వెట్టరు బొత్తాలు పెట్టుకుని వెళ్ళి, లోపలివాళ్ళు పని ముగించుకుని బయటికొచ్చే తలుపుకి ఎదురుగా నిలబడింది.